ఇంటిపేరు కాలవగట్టు

బ్రాడీపేట, గుంటూరు
2025 జూన్ 9

చిరంజీవి శ్రీరమ్యకు, నానమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. ఏడు తప్పులున్నాయి. ఎర్రసిరాతో దిద్ది దీనితోపాటే వెనక్కి పంపుతున్నాను. 'శరణాలయం' అన్న మాట మూడుచోట్ల వస్తే మూడు రకాలుగా రాశావు. కాలేజీలో పాఠాలు చెప్పేదానివి, తప్పయినా ఒకే రకంగా రాయొచ్చు కదా.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాసినందుకు మాత్రం సంతోషం. చెవి మిషను పెట్టుకుంటే ఫోన్లో నీ మాటకంటే దాని ఈల ఎక్కువ వినిపిస్తుంది. మీ నాన్న నాకు వాట్సాప్ నేర్పిస్తానంటున్నాడు. ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పి, ఇప్పుడు బొటనవేలి బొమ్మతో జవాబివ్వాలా?

ఇక విషయం. ఒంగోలులో ఉద్యోగమొచ్చింది, మీ తాతయ్య పెరిగిన హోము అక్కడికి గంట ప్రయాణం, ఆదివారాలు ఖాళీ, కాబట్టి ఆయన చెల్లెలు కోటమ్మ జాడ తీస్తానంటున్నావు. ఖాళీగా ఉన్నవాళ్లు సినిమాకు పోతారు.

నాకు తెలిసింది రాస్తాను. వాళ్ల అమ్మానాన్న మిరపకోతలకు ఊరూరూ తిరిగే కూలీలు. 1952లో వాంతులు, విరేచనాలతో ఇద్దరూ ఒకే వారంలో పోయారు. ఏడేళ్ల యలమందను, ఐదేళ్ల కోటమ్మను ఎవరో తీసుకొచ్చి హోములో దింపారు. మగపిల్లల హోము ఒక ఊళ్లో, ఆడపిల్లలది పక్క ఊళ్లో. ఆ సాయంత్రమే ఇద్దర్నీ విడదీశారు. పద్దెనిమిదేళ్లు నిండి బయటికొచ్చిన రోజు ఆయన మొదట అడిగింది చెల్లెలి గురించే. తాటాకుల కోటమ్మ అనే పిల్ల మా పుస్తకంలో లేదన్నారు. పెళ్లయ్యాక ఆయన తరఫున పదకొండు అర్జీలు నేనే రాశాను. ఒక్కదాంట్లోనూ అక్షరం తప్పు లేదు. అన్నిటికీ జవాబొకటే: తాటాకుల కోటమ్మ లేదు.

ఆయన పోయి రెండేళ్లయింది. ఇంకా ఎవరి కోసం తవ్వుతావు? అయినా నువ్వడిగిన కాగితాలు పంపుతున్నాను. ఆయన దిండు మాత్రం అడగొద్దు.

నానమ్మ
వెంకటరావమ్మ

*

ఒంగోలు
జూన్ 30

నానమ్మకు, శ్రీరమ్య నమస్కారాలు.

ఈసారి తప్పులు తగ్గాయో లేదో చెప్పు.

నిన్న హోముకు వెళ్లాను. పాత రికార్డులు చూసే నాగజ్యోతి గారు మంచావిడ. రెండు హోముల పేర్లూ కంప్యూటర్లోకి ఎక్కించారు, ఇంటిపేరుతోనే వెతకాలి. 'త' దగ్గర వెతికితే తాటాకుల యలమంద ఒక్కడే వచ్చాడు. ఎన్ని రకాలుగా కొట్టినా తాటాకుల కోటమ్మ రాలేదు.

ఆవిడ ఏమందో తెలుసా? "ఈ పేరు కోసం మీకంటే ముందు ఒక పెద్దాయన ఏటా వచ్చేవాడమ్మా. పిల్లలకు బిస్కెట్లు తెచ్చేవాడు. అడిగి, లేదంటే తలూపి, పిల్లలతో కాసేపు ఆడి పోయేవాడు. రెండేళ్ల నుంచి రావట్లేదు." ఆయన మా తాతయ్యేనని చెప్పకుండా వచ్చేశాను.

నీకు చెప్పని మాట ఒకటుంది. ఆసుపత్రిలో చివరిరోజు తాతయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "కోటమ్మ కనపడితే, నేను వదిలేసి పోలేదని చెప్పమ్మా" అన్నాడు. ఇంకేమీ అడగలేదు. అందుకే వెతుకుతున్నాను, ఖాళీగా ఉండి కాదు.

శ్రీరమ్య

*

బ్రాడీపేట
జూలై 14

చిరంజీవి శ్రీరమ్యకు,

తప్పులు నాలుగు. పరవాలేదు.

ఆయన నీతో ఆ మాట అన్న సంగతి నాకు తెలియదు. యాభై మూడేళ్లు కాపురం చేసినదాన్ని, నాతో అనలేదు. చదివినప్పటినుంచి ఈ ఇంట్లో నాకు కూర్చోబుద్ధి కావడం లేదు. వరండాలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వరండాలోకి తిరుగుతున్నాను. "షుగరు ఎక్కువైందేమో" అంటాడు మీ నాన్న. ప్రతిదానికీ షుగరే.

ఆయన ఏటా శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు పోయేవాడు, నీకు గుర్తుందా? ప్రభలు చూడ్డానికనుకున్నావు కదూ. ప్రభలకు వీపు పెట్టి నిలబడి, వచ్చేపోయే ఆడవాళ్ల ఎడమ మోచేతులు చూసేవాడు. కోటమ్మ చిన్నప్పుడు పొయ్యి మీద పడింది. మోచేతి మీద అరచేతంత మచ్చ. ఒకసారి ఒకావిడ మొగుడు ఈయన్ను కొట్టబోయాడు. నేను అడ్డం వెళ్లి "మా ఆయన పిచ్చివాడు" అని చెప్పాను. ఈయన అలిగి రెండు రోజులు మాట్లాడలేదు.

నువ్వు కంప్యూటర్ని నమ్ముకుంటే అది నీకు 'త' మాత్రమే చూపిస్తుంది. చేతిరాత పుస్తకం తీయించు. నవల చదివినట్టు మొదటి పేజీ నుంచి చదువు. అంతకంటే నాకేమీ తోచడం లేదు.

నానమ్మ

*

ఒంగోలు
ఆగస్టు 4

నానమ్మా,

దొరికింది. దొరికింది అనాలో, ఇన్నాళ్లూ కళ్లముందే ఉంది అనాలో తెలియడం లేదు.

నువ్వు చెప్పినట్టే నాగజ్యోతి గారిని బతిమాలి చేతిరాత రిజిస్టరు తీయించాను. మొదటి పేజీ నుంచి చదివాను. ఇంటిపేరు అన్న గడి ఉంది. పెద్దపిల్లలవి మామూలు ఇంటిపేర్లే. చిన్నపిల్లల దగ్గరికొచ్చేసరికి చూడు: పెంకుటింటి. గొడ్లపాక. రైలుగేటు. బావిపక్క. ఆరేళ్ల పేరయ్య అనే పిల్లాడికైతే 'అద్దింటి'. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను.

గుమాస్తా "మీ ఇంటిపేరేంట్రా?" అని అడిగాడు నానమ్మా. వాళ్లు ఇల్లెలా ఉంటుందో చెప్పారు. ఇంటిపేరంటే ఏమిటో ఆ పసివాళ్లకేం తెలుసు? ఆయన వింటూ రాసుకుపోయాడు. పేరయ్య మనవల పెళ్లిపత్రికల మీద కూడా 'అద్దింటి వారి' అనే వేశారట. వాళ్లకు ఇప్పుడు మూడంతస్తుల సొంత మేడ ఉందట.

మనది ఇంటిపేరు కాదు నానమ్మా, ఇంటి కప్పు.

వెంటనే ఆడపిల్లల పుస్తకం తీశాను. అదే తేదీ, వేరే గుమాస్తా రాత. 'కాలవగట్టు కోటమ్మ. వయసు ఐదు. ఎడమ మోచేతిపై కాలిన మచ్చ.' ఒకే ఇల్లు. అన్న పైకి చూసి చెప్పాడు, చెల్లెలు కిందికి చూసి చెప్పింది. అందరూ 'త' దగ్గర వెతికారు, ఆవిడ 'క' దగ్గర కూర్చునుంది. నీ పదకొండు అర్జీలూ తాటాకుల కోటమ్మ కోసమే కదా.

అదే వరుసలో ఇంకో సంగతి ఉంది. 1955లో దాచేపల్లిలో పరుపులు కుట్టే ముస్లిం దంపతులు ఆమెను పెంచుకున్నారు. పక్కన కొత్తపేరు రాశారు: మదార్‌బీ.

నెలాఖరు ఆదివారం దాచేపల్లి వెళుతున్నాను. నువ్వూ వస్తావా?

శ్రీరమ్య

*

బ్రాడీపేట
ఆగస్టు 11

శ్రీరమ్యకు,

నీ ఉత్తరం అందినది. చాలా కష్టపడ్డావు. ఇక చాలు. ఆవిడ ఉంటే డెబ్బై ఎనిమిదేళ్లు ఉంటాయి. ఉందో లేదో. ఉన్నా ఈ వయసులో ఒక మనిషి ఇంటికెళ్లి కదపడం మంచిది కాదు. దాచేపల్లి వెళ్లొద్దు. ఎండలు ఇంకా తగ్గలేదు. అక్కడి సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము నీకు పడదు.

నానమ్మ

*

ఒంగోలు
ఆగస్టు 19

నానమ్మా,

నా ఉత్తరంలో తప్పులు ఎన్నో నువ్వు రాయలేదు. నేను పుట్టాక ఇదే మొదటిసారి. పైగా 'అందినది' అని రాశావు. ఆఫీసు కాగితంలా ఉందని ఆ మాట నేను రాస్తే నువ్వు రెండుసార్లు కొట్టేశావు.

పదకొండు అర్జీలు రాసినదానివి, జాడ తెలిశాక ఆపమంటున్నావు. నీకేదో తెలుసు. అదేంటో నువ్వు చెప్పేదాకా దాచేపల్లి వెళ్లను. ఎక్కువరోజులు మాత్రం ఆగలేను.

శ్రీరమ్య

*

బ్రాడీపేట
సెప్టెంబరు 1

శ్రీరమ్యకు,

మూడుసార్లు రాసి చించేశాను. ఇది నాలుగోది. అందంగా రాస్తే అబద్ధమవుతుందని తోచింది, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

1984 ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం. మీ తాతయ్యకు ఉత్తమ ఉపాధ్యాయుడని సన్మానం చేసి పేపర్లో వేశారు, హోములో పెరిగిన సంగతి కూడా రాశారు. ఆ తర్వాత పదిరోజులకు ఒకావిడ తలుపు కొట్టింది. ఆయన బడికి వెళ్లాడు, నాకు ఒంట్లో బాగాలేక సెలవులో ఉన్నాను. ఆవిడ చంకలో కొత్త దిండు. చెమటతో తడిసిపోయి ఉంది.

"యలమంద ఇల్లిదేనామ్మా? నేను వాడి చెల్లెల్ని, కోటమ్మని. ఇప్పుడు మదార్‌బీ అంటారు" అంది.

అంతకుముందే ఇద్దరు ఆడవాళ్లు చెల్లెళ్లమని వచ్చి పోయారు. నేను తలుపు సగమే తీసి, పరీక్ష పెట్టినట్టు అడిగాను. "మీ పుట్టింటి ఇంటిపేరేంటి?"

"కాలవగట్టమ్మా" అంది.

నేనేమన్నానో విను. "కాలవ కాదు, కాలువ" అన్నాను. మొదట దిద్దాను. తర్వాత "అన్నది తాటాకుల, చెల్లెలిది కాలువగట్టా? ఒక తండ్రి పిల్లలకు రెండు ఇంటిపేర్లెలా వస్తాయమ్మా" అన్నాను.

"ఏమోనమ్మా. వాళ్లు అడిగారు, నే చెప్పా. రాసుకున్నదైతే అదే" అంది.

దిండు గుమ్మం మీద పెట్టి, "బూరుగు దూది. నేనే కుట్టా. వాడికివ్వండి. వాడికే చెల్లెలూ లేకపోతే మీరే వాడుకోండి" అని వెళ్లిపోయింది. దిండు దింపుతుంటే మోచేతి మీద మచ్చ కనిపించింది. చూశాను. మచ్చలు ఎవరికైనా ఉంటాయనుకున్నాను. తప్పంతా ఇంటిపేరు మీదికి నెట్టేస్తే సగం అబద్ధమవుతుంది. మదార్‌బీ అన్న పేరు వినగానే నా మనసులో కూడా తలుపు సగం మూసుకుంది. అదీ రాస్తున్నాను.

ఆయన సాయంత్రం వచ్చి దిండు ఎక్కడిదన్నాడు. వీధిలో అమ్మకానికొస్తే కొన్నానన్నాను. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు, "ఈ దిండు మీద నిద్ర భలే పట్టిందే" అన్నాడు. ఇక చెప్పలేకపోయాను. ముప్పై తొమ్మిదేళ్లు దాని మీదే పడుకున్నాడు. నేను ఆ పక్కనే పడుకున్నాను.

నీ ఉత్తరం చూసేదాకా, ఆవిడ మోసగత్తె అయి ఉండొచ్చనే ఒక సందు నాకుండేది. అది నువ్వు మూసేశావు.

వెంకటరావమ్మ

*

ఒంగోలు
సెప్టెంబరు 13

వెంకటరావమ్మ గారికి,

మీ ఉత్తరం చేరింది.

తాతయ్య ఏటా బిస్కెట్లు పట్టుకుని హోముకు వెళ్లేటప్పుడు ఆయన సంచి మీరే సర్దేవారు. నేను చూశాను.

శ్రీరమ్య

*

బ్రాడీపేట
సెప్టెంబరు 27 (కార్డు)

శ్రీరమ్యకు. అవును, నేనే సర్దేదాన్ని. ఆ సంచిలో మంచినీళ్ల సీసా కూడా పెట్టేదాన్ని. ఆ రోజు ఆవిడకు మాత్రం గ్లాసుడు నీళ్లివ్వలేదు. ఇది ముందు ఉత్తరంలో రాయలేదు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. నానమ్మ.

*

బ్రాడీపేట
అక్టోబరు 12 (కార్డు)

శ్రీరమ్యకు. పదిహేను రోజులైంది. నువ్వు తిడితే బాగుండు, నీకు తిట్టడం కూడా సరిగా నేర్పలేకపోయాను. దిండు బీరువా మీదినుంచి దించాను. మళ్లీ పెట్టాను. మళ్లీ దించాను. మీ నాన్నకు చెప్పాను. గంటసేపు మేడమీద కూర్చుని కిందికొచ్చి, "షుగరు మాత్ర వేసుకున్నావా" అన్నాడు. ఆవిడ ఉందా? అదొక్కటి చెప్పు. నానమ్మ.

*

ఒంగోలు
నవంబరు 3

నానమ్మా,

ఉంది.

పోయిన ఆదివారం దాచేపల్లి వెళ్లాను. పరుపుల కొట్లో అడిగితే చూపించారు. భర్త బుడే గారు పోయి చాలా కాలమైందట. కొడుకు సిమెంటు ఫ్యాక్టరీలో పని. మనవరాలు నజ్మీన్ పదో తరగతి. ఆవిడ వాకిట్లో కూర్చునుంది. కళ్లు సరిగా కనపడవనుకుంటా, నా వైపే చూస్తూ చూడలేదు. చెవులు తాతయ్యవే, అంచు బయటికి తిరిగి ఉంటాయి చూడు, అలా.

నేను మాట్లాడలేదు. గుమ్మం దాకా వెళ్లి వచ్చేశాను. తాతయ్య మాట చెప్పాల్సింది నేనే అనుకున్నాను ఇన్నాళ్లూ. కానీ నేను చెబితే అందులో సగమే ఉంటుంది. ఆవిడ తన అన్న గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయింది. అన్నే వద్దనుకున్నాడని నలభై ఏళ్లుగా అనుకుంటూ ఉండొచ్చు. ఆ సగం నీ దగ్గరుంది.

చిరునామా కింద రాశాను. నేను రాను. నాన్నను తీసుకుపోవద్దు. నీ మీద కోపం తగ్గలేదు. అయినా 'నానమ్మా' అని రాయకుండా ఉత్తరం మొదలుపెట్టడం చేతకావడం లేదు.

శ్రీరమ్య

*

దాచేపల్లి
నవంబరు 21

చిరంజీవి శ్రీరమ్యకు,

నజ్మీన్ నోట్‌బుక్కులోంచి చింపిన కాగితం మీద రాస్తున్నాను. ఆ పిల్ల వ్యాసాల్లో తప్పులు చూస్తే నీ రాత మేలనిపించింది.

బస్సులో వచ్చాను. దిండు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే కండక్టరు, "మామ్మగారూ, దాచేపల్లిలో దిండ్లు దొరకవా?" అన్నాడు.

"అక్కడిదే నాయనా. తిరిగి ఇవ్వడానికి పోతున్నా."

"బాగాలేదా?"

"బాగుంది. అదే తంటా."

నాలుగు పేజీలు రాసుకుని కంఠతా పట్టాను. మీ తాతయ్య సన్మానానికి కూడా అంత బాగా రాయలేదు. ఇల్లు చేరేసరికి ఆవిడ వాకిట్లో మంచం మీద కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది.

"ఎవరూ?" అంది.

"ఎవరో గుంటూరు నుంచంట" అని నజ్మీన్ చెప్పింది.

"గుంటూరులో ఎవరు? ఇంటిపేరేంటి?"

నాలుగు పేజీలూ పోయాయి. "కాలవగట్టు" అన్నాను. కాలువ అని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

ఆవిడ వేళ్లు ఆగిపోయాయి. "ఆ ఇంటిపేరు నాదొక్కదానిదే. ఇంకెవరికీ లేదు."

"మీ అన్నది తాటాకుల."

చెవి మిషను ఆగిపోయిందేమోనని తట్టి చూసుకున్నాను. అప్పుడు వినిపించింది.

"కాలవగట్టు మీద ఇల్లు. పైన తాటాకు. వానొస్తే కారేది. వాడు నా నెత్తిన చేట పట్టుకుని కప్పు వంక చూస్తా కూర్చునేవాడు. నేను కాలవ ఎంత పొంగిందా అని కిందికి చూసేదాన్ని." తనే అంది, "ఇద్దరం ఒక్కింటి సంగతే చెప్పాం గదా."

"ఆయన మీకొక మాట చెప్పమన్నాడు. వదిలేసి పోలేదని. మీరు మా ఇంటికొచ్చిన సంగతి ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు. దిండు వీధిలో కొన్నానని చెప్పాను" అన్నాను.

"పోయాడా?"

"రెండేళ్లయింది."

మళ్లీ తొడిమలు తీయడం మొదలుపెట్టింది. పది కాయలో, పదిహేను కాయలో. నేను ఎండలోనే నిలబడ్డాను.

"ఆ రోజు మీరు మంచినీళ్లన్నా ఇవ్వలా" అంది.

"ఇవ్వలేదు."

"ఏప్రిలెండ."

"అవును."

"నజ్మీనూ, చెంబుతో నీళ్లు తే. ఈవిడ గుంటూరు నుంచి వచ్చింది" అంది, నా వైపు చూడకుండా. తాగాను.

దిండు ఇచ్చాను. మూల తడిమి, "నా కుట్టే" అంది. "దీని మీద ఎవరు పడుకున్నారు?"

"మీ అన్నే. పోయేదాకా."

దాన్ని ముఖం దగ్గరికి తీసుకుంది. చేతులకు కారం ఉందని నేను చెప్పలేదు. కళ్లవెంట నీళ్లు కారిపోయాయి. "మిరప ఘాటు" అంది. అవునన్నాను. నేను మిరపకాయ ముట్టుకోలేదు, అయినా నావీ మండాయి.

క్షమించానని అనలేదు. అడగడానికి నాకూ మొహం చాల్లేదు. సాయంత్రం దిండు ఒక పక్క నాకు చూపించి, "దూది ఉండకట్టింది. ఏకి మళ్లీ కుట్టాలి. కళ్లు ఆనవు, నాలుగు రోజులు పడుతుంది. ఉంటావా వదినా, పోతావా?" అంది. ఉంటానన్నాను. నజ్మీన్ పరీక్షకు తెలుగు కూడా ఎవరో ఒకరు చెప్పాలి.

చెవి మిషనుకు బ్యాటరీలు అయిపోవస్తున్నాయి, పంపు. ఇక్కడ వినాల్సింది చాలా ఉంది. వీలైతే నువ్వే తీసుకురా. కోపంగానే రా, పరవాలేదు. పోస్టులో పంపితే చిరునామా ఇలా రాయి:

తాటాకుల వెంకటరావమ్మ,
కేరాఫ్ కాలవగట్టు కోటమ్మ (మదార్‌బీ),
పరుపుల కొట్టు వెనక, దాచేపల్లి.

కాలవ అనే రాయి. దిద్దను.

నానమ్మ